మళ్లీ అదే కంపెనీ కారు: ఇష్టమా, అలవాటా?

మధ్యతరగతి కుటుంబానికి ఇంటి తరువాత అంతటి పెద్ద ఖర్చు కారే. సబ్బు కొనేటప్పుడు ఎవరూ పెద్దగా ఆలోచించరు. నచ్చకపోతే వచ్చే నెల మార్చేయవచ్చు. కారు అలా కాదు. మైలేజీ ఎంత, డిక్కీలో ఎన్ని పెట్టెలు పడతాయి, నెలవారీ వాయిదా ఎంత అని ఇంట్లో నెలల తరబడి చర్చలు నడుస్తాయి. నాలుగు షోరూములు తిరుగుతారు, పది మందిని అడుగుతారు. తీరా చూస్తే, పాత కారు అమ్మి కొత్తది కొనేవారిలో చాలామంది చివరకు పాత కంపెనీ షోరూములోనే తేలతారు.

కంపెనీలు దీనికి ‘బ్రాండు విధేయత’ అని పేరు పెట్టాయి. అమెరికాలో ఒకప్పుడు ఇది ఫోర్డు వారిల్లు, అది షెవర్లే వారిల్లు అని చెప్పుకునేవారు. కానీ విధేయత అన్న మాట కొంచెం మోసకారి. మళ్లీ అదే కంపెనీ కారు కొనడం కంటికి కనిపించే సంఘటన. దాన్ని లెక్కపెట్టవచ్చు. విధేయత మనసులో ఉండేది. మొదటిదాన్ని చూసి రెండవది ఉందని తేల్చవచ్చా? చూడటానికి ఇది వ్యాపారుల తలనొప్పిలా కనిపిస్తుంది కానీ, దీని వెనుక చక్కటి గణితం, ఆర్థిక శాస్త్రం, కొంత మనస్తత్వ శాస్త్రం కూడా ఉన్నాయి.

అక్షరాలు లెక్కపెట్టిన గణితవేత్త

రష్యా గణిత శాస్త్రవేత్త ఆంద్రేయ్ మార్కోవ్ 1913లో ఒక విచిత్రమైన పని చేశాడు. పుష్కిన్ రాసిన ‘యెవ్గెనీ ఒనేగిన్’ కావ్యంలోని మొదటి 20,000 అక్షరాలను తీసుకుని, అచ్చు తరువాత ఎన్నిసార్లు అచ్చు వచ్చింది, ఎన్నిసార్లు హల్లు వచ్చింది అని ఓపికగా లెక్కపెట్టాడు. తరువాతి అక్షరం ఏమిటన్నది ప్రస్తుత అక్షరం మీద ఆధారపడి ఉంటుందని చూపించడమే ఆయన ఉద్దేశం. ఇలాంటి వరుసలను ఇప్పుడు మార్కోవ్ శృంఖలాలు అంటారు. అక్షరాల స్థానంలో కార్లను పెడితే, మనకు కావలసిన పనిముట్టు సిద్ధమైనట్టే.

ఒక ఊళ్లో 1000 కుటుంబాలు, రెండే కార్ల కంపెనీలు ఉన్నాయనుకుందాం. వాటిని ‘క’, ‘గ’ అందాం. ‘క’ కారు ఉన్న ప్రతి 10 మందిలో 8 మంది మళ్లీ ‘క’ కొంటారు, ఇద్దరు ‘గ’కు మారతారు. ‘గ’ కారు ఉన్న 10 మందిలో ఆరుగురు అక్కడే ఉంటారు, నలుగురు ‘క’కు వస్తారు. మొదట ‘క’ దగ్గర 100 కుటుంబాలే ఉన్నాయనుకోండి. ఒక విడత కార్లు మారేసరికి ‘క’ దగ్గరకు 80 + 360, అంటే 440 కుటుంబాలు చేరతాయి. రెండవ విడతకు 576, మూడవ విడతకు సుమారు 630 అవుతాయి. ఇలా పెరుగుతూ పోయి 667 దగ్గర నిలిచిపోతాయి. మొదట ‘క’ దగ్గర 900 కుటుంబాలు ఉన్నా అంతే. తగ్గుతూ వచ్చి అదే 667 దగ్గర ఆగుతుంది. ఎక్కడ మొదలుపెట్టామన్నది చివరకు చెరిగిపోతుంది. నిలిచేది ఆ 8, 6 అనే అంకెల ప్రభావమే.

ఇప్పుడు ఆ 8ని 7 చేసి చూడండి. అంటే పది మందిలో ఒక్కరు అదనంగా చేయి జారారు, అంతే. మిగతాదేదీ మారలేదు. అయినా ‘క’ చివరకు 571 దగ్గర ఆగిపోతుంది. వెయ్యి కుటుంబాల్లో దాదాపు వంద కుటుంబాలు పోయాయన్నమాట. పాత కొనుగోలుదారును నిలుపుకోవటానికి కంపెనీలు ఎందుకంత తాపత్రయపడతాయో దీన్నిబట్టి తెలుస్తుంది. జనరల్ మోటార్స్ అధిపతి ఆల్ఫ్రెడ్ స్లోన్ 1920వ దశకంలోనే ఈ సంగతి పట్టుకున్నాడు. కింద షెవర్లే, పైన కాడిలాక్, మధ్యలో పాంటియాక్, ఓల్డ్స్‌మొబైల్, బ్యూక్. ఆదాయం పెరిగేకొద్దీ కొనుగోలుదారు మెట్టు మెట్టుగా ఎక్కాలే తప్ప, నిచ్చెన దిగి పక్కింటికి పోకూడదని ఆయన పథకం.

వందలో నలభై అంటే ఎక్కువా, తక్కువా?

ఫలానా కంపెనీ కారు ఉన్నవారిలో సగం మంది మళ్లీ అదే కొన్నారని పత్రికల్లో చదివితే, అబ్బో, ఎంత విధేయత అనిపిస్తుంది. తొందరపడకూడదు. కార్లు కొనేవారంతా కళ్లు మూసుకుని చీటీ తీసి కొంటున్నారని ఊహించండి. మార్కెట్టులో 40 శాతం వాటా ఉన్న కంపెనీ చీటీ వందలో 40 సార్లు వస్తుంది. అంటే ఎవరికీ ఏ విధేయతా లేకపోయినా, ఆ కంపెనీ పాత కొనుగోలుదారుల్లో 40 శాతం మంది తిరిగి అక్కడికే వస్తారు. మన దేశంలో ఇటీవలి సంవత్సరాల్లో మారుతి సుజుకి వాటా 40 శాతానికి అటూ ఇటూగా ఉంటోంది. కాబట్టి ఆ కంపెనీకి వందలో 50 మంది తిరిగి రావడం చీటీ లెక్కకు పది ఎక్కువ మాత్రమే. 4 శాతం వాటా ఉన్న చిన్న కంపెనీకి 20 మంది తిరిగి వస్తే అది చీటీ లెక్కకు ఐదింతలు! ఏ శాతాన్ని చూసినా దేనితో పోల్చి చూడాలన్నది ముందు అడగాలి.

ఇక్కడ ఇంకో తమాషా ఉంది. చిన్న కంపెనీలకు కొనేవారు తక్కువ, పైగా ఆ కొద్దిమందిలో తిరిగి వచ్చేవారి శాతం కూడా తక్కువగానే ఉంటుంది. ఈ జంట దెబ్బను అమెరికా సమాజ శాస్త్రవేత్త విలియం మెక్‌ఫీ 1963లో వివరించాడు. తరువాత ఆండ్రూ ఎరెన్‌బర్గ్ రకరకాల సరుకుల అమ్మకాల్లో దీన్ని చూపించాడు. కారణం తేలికే. కూడలిలో ఒక టిఫిన్ హోటలు, సందులో ఒక టిఫిన్ హోటలు ఉన్నాయనుకోండి. రెండింట్లోనూ ఇడ్లీ ఒకే రుచి. సందులోని హోటలు తెలిసినవారికి కూడలి హోటలు కూడా తప్పకుండా తెలుస్తుంది కాబట్టి, వాళ్లు ఒకరోజు ఇక్కడ, ఒకరోజు అక్కడ తింటారు. కూడలి హోటలుకు వచ్చేవారిలో ఎక్కువమందికి రెండోది ఉందనే తెలియదు. వాళ్లు రోజూ అక్కడే తింటారు. దీన్ని విధేయత అందామా?

రెండు ఊళ్లు, ఒకే లెక్క

అసలు చిక్కు ఇంకా ముందుంది. మరో రెండు ఊళ్లను ఊహించుకుందాం. ఒక్కో ఊళ్లో 1000 కుటుంబాలు, అవే ‘క’, ‘గ’ కంపెనీలు.

మొదటిది అభిరుచుల ఊరు. ఇక్కడ 500 కుటుంబాలకు పుట్టుకతోనే ‘క’ అంటే ఇష్టం. కారు కొన్నప్పుడల్లా పదింట తొమ్మిదిసార్లు ‘క’ కొంటారు. మిగతా 500 కుటుంబాలు పదింట ఒక్కసారే ‘క’ కొంటాయి. నిన్న ఏ కారు నడిపారన్నది ఎవరూ పట్టించుకోరు. మొదటి విడతలో ‘క’ కొన్నవారు 450 + 50, అంటే 500 మంది. వారిలో రెండవసారి కూడా ‘క’ కొనేవారు 405 + 5, అంటే 410 మంది. శాతంలో చెబితే 82.

రెండవది అలవాట్ల ఊరు. ఇక్కడ ఎవరికీ ప్రత్యేకమైన ఇష్టాలు లేవు, అందరూ ఒకే అచ్చులో పోసినట్టుంటారు. అయితే ఏ కారు నడిపితే దానికి అలవాటుపడతారు. గేర్లు, స్విచ్చులు, మెకానిక్కు అన్నీ అలవాటైపోయి, నూటికి 82 మంది మళ్లీ అదే కంపెనీకి వెళతారు.

సర్వే చేసేవాడు రెండు ఊళ్లకూ వెళ్లి లెక్క రాసుకుంటాడు. రెండు చోట్లా 82 శాతమే. కాగితం మీద తేడా ఏమీ లేదు. కానీ ఊళ్లు రెండూ ఒకటి కావు. తేడా తెలియాలంటే ఒక పని చేయాలి. ‘క’ కంపెనీ ఒక విడతలో కళ్లు చెదిరే తగ్గింపు ఇచ్చి, రెండు ఊళ్లలోనూ అందరి చేతా ‘క’ కార్లే కొనిపించిందనుకుందాం. మరుసటి విడతలో తగ్గింపు తీసేసింది. అభిరుచుల ఊళ్లో ‘క’ అమ్మకాలు మళ్లీ 500కు పడిపోతాయి. ఖర్చు వృథా. అలవాట్ల ఊళ్లో మాత్రం 820 మంది ‘క’ దగ్గరే ఉండిపోతారు. ఆ తరువాతి విడతలో సుమారు 705 మంది, ఆ పైన 631 మంది. ఒక్కసారి ఇచ్చిన తగ్గింపు ఫలితం మూడు నాలుగు విడతల వరకు ఉంటుంది.

ఆర్థిక శాస్త్రవేత్తలు మొదటిదాన్ని అభిరుచి భేదమనీ, రెండవదాన్ని స్థితి ఆధారమనీ వేరు చేస్తారు. 2000లో నోబెల్ బహుమతి పొందిన జేమ్స్ హెక్‌మన్ ఈ రెండింటినీ విడదీసే పద్ధతుల మీద 1981లో ముఖ్యమైన పని చేశాడు. ఆయన చూసింది కార్లను కాదు, ఉద్యోగాలను. నిన్న నిరుద్యోగిగా ఉన్నవాడు రేపూ నిరుద్యోగిగా ఉంటే, అది అతని లక్షణమా, లేక నిరుద్యోగం వల్ల కలిగిన నష్టమా? ప్రశ్న ఒకటే, వేషం వేరు.

ప్రభుత్వాలకూ ఇది అవసరమైన ప్రశ్నే. మన దేశంలో విద్యుత్ వాహనాలకు రాయితీ ఇచ్చే ‘ఫేమ్’ పథకం 2015లో మొదలై, రెండవ దశ 2024 మార్చిలో ముగిసింది. ఇలాంటి రాయితీ ఆగిపోయాక జనం పెట్రోలు బండికి తిరిగి వెళతారా, విద్యుత్ బండితోనే ఉండిపోతారా? మనది ఏ ఊరన్నదాన్నిబట్టి జవాబు మారిపోతుంది.

డెట్రాయిట్ నేర్పిన లెక్క

ఇంత పెద్ద ప్రయోగం ఎవరు చేస్తారని మీరు అడగవచ్చు. చరిత్ర ఒకసారి దాదాపు అలాంటి ప్రయోగమే చేసింది. 1973లో, మళ్లీ 1979లో చమురు ధరలు ఆకాశానికంటాయి. అప్పటిదాకా పడవల్లాంటి పెద్ద కార్లు నడిపిన అమెరికన్లు తక్కువ పెట్రోలు తాగే చిన్న జపాను కార్లను మొదటిసారి ముట్టుకున్నారు. 1980లో కార్ల ఉత్పత్తిలో జపాను అమెరికాను దాటిపోయింది. 1981లో అమెరికా ఒత్తిడి మీద జపాను తన ఎగుమతులను ఏడాదికి 16 లక్షల 80 వేల కార్లకు పరిమితం చేసుకోవడానికి ఒప్పుకుంది. 1986లో చమురు ధర పడిపోయింది. పెట్రోలు మళ్లీ చౌక అయింది కదా, మరి వెళ్లినవాళ్లు డెట్రాయిట్ కార్లకు తిరిగి రావాలి. చాలామంది రాలేదు.

ఎందుకు రాలేదు? ఫ్రెడ్ మానరింగ్, క్లిఫర్డ్ విన్‌స్టన్ అనే ఆర్థికవేత్తలు 1991లో ఒక జవాబు ఇచ్చారు. జపాను కార్లు కొన్నవారికి వాటి మీద అమెరికా కార్లకు లేనంత గట్టి విధేయత ఏర్పడిందనీ, అమెరికా కంపెనీల వాటా తగ్గడానికి అది ముఖ్య కారణమనీ వారు తేల్చారు. అదే విన్‌స్టన్ 2007లో కెనెత్ ట్రెయిన్‌తో కలిసి, తరువాతి దశాబ్దపు నష్టాన్ని మరింత వివరమైన నమూనాతో పరిశీలించాడు. ఈసారి వచ్చిన జవాబు వేరు. ధర, పరిమాణం, ఇంజను శక్తి, నడిపే ఖర్చు, నమ్మకంగా నడవడం వంటి మామూలు లక్షణాలే దాదాపు మొత్తం నష్టానికి కారణమని తేలింది. అమెరికా కార్లు మెరుగుపడ్డాయి, కానీ పోటీదారులు అంతకంటే వేగంగా మెరుగుపడ్డారు.

ఈ రెండు ఫలితాలు ఒకదాన్నొకటి కొట్టేస్తాయని కొందరంటారు. నాకు అలా అనిపించదు. ఐదేళ్లు వర్క్‌షాపు ముఖం చూడకుండా నడిచిన కారు మీద నమ్మకం కుదరడం సహజం. ఆ నమ్మకం వల్ల మళ్లీ అదే కంపెనీకి వెళితే, మన లెక్కలో అది విధేయతగా కనిపిస్తుంది. రేపు మరొక కంపెనీ అంతకంటే మంచి కారు చేస్తే అదే మనిషి అటు నడుస్తాడు. అలవాటు ఉన్నమాట నిజమే కానీ, చెడ్డ కారును అది ఎంతోకాలం మోయలేదు. 2009లో జనరల్ మోటార్స్, క్రైస్లర్ రెండూ దివాలా రక్షణ కోరాయి. స్లోన్ కట్టిన నిచ్చెనలో ఓల్డ్స్‌మొబైల్ 2004లోనే ఆగిపోయింది, పాంటియాక్ 2010లో పోయింది.

అమ్మానాన్నల కారు

మనుషుల స్వభావాన్నిబట్టి కారు ఎంపిక ఉంటుందని ఒకప్పుడు ప్రకటనల వాళ్లు గట్టిగా నమ్మేవారు. ఫోర్డు కొనేవాడు సాహసి, షెవర్లే కొనేవాడు పొదుపరి అన్నట్టుగా ఉండేది వరస. ఫ్రాంక్లిన్ ఎవన్స్ 1959లో రెండు రకాల యజమానులకూ వ్యక్తిత్వ పరీక్షలు పెట్టి చూశాడు. పరీక్ష ఫలితాలను చూసి ఎవరిది ఏ కారో చెప్పడం, నాణెం ఎగరేసి చెప్పడం కంటే కొద్దిగా మాత్రమే మెరుగ్గా ఉంది!

అంతకు రెండేళ్ల ముందు, 1957లో, అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు మరో సంగతి గమనించారు. కొత్తగా కారు కొన్నవారు తాము కొన్న కారు ప్రకటనలనే ఎక్కువగా చదువుతున్నారు. కొనాలా వద్దా అని తూచి చివరకు వదిలేసిన కార్ల ప్రకటనల జోలికి అంతగా పోవడం లేదు. కొన్నాక ఇక ప్రకటన ఎందుకు? చేసిన పని సరైనదేనని మనసుకు నచ్చచెప్పుకోవడానికి. లియాన్ ఫెస్టింగర్ అదే ఏడాది ప్రకటించిన సిద్ధాంతానికి ఇది చక్కగా సరిపోయింది. ఇష్టం వల్ల కొనడమే కాదు, కొన్నందువల్ల ఇష్టం కలగడమూ ఉందన్నమాట.

ఈ ఇష్టం ఒక తరం నుంచి మరో తరానికి కూడా పోతుందా? అమెరికాలో 1968 నుంచి వేలాది కుటుంబాలను, వారి పిల్లలను, ఆ పిల్లల కుటుంబాలను వరుసగా అనుసరిస్తున్న ఒక పెద్ద సర్వే ఉంది. సోరెన్ ఆండర్సన్, మరి ముగ్గురు ఆర్థికవేత్తలు ఆ వివరాల నుంచి కార్ల లెక్కలు తీశారు. తల్లిదండ్రులు వాడిన బ్రాండునే పెద్దయ్యాక పిల్లలూ కొనడం బాగా కనిపించింది. ఒకే ఊరు, ఒకే రకం ఆదాయం కావడం వల్ల కూడా ఇలా జరగవచ్చు కదా? అలాంటి పోలికల ప్రభావాన్ని తీసేసి చూసినా సంబంధం మిగిలే ఉంది. చిన్నప్పుడు వెనక సీటులో కూర్చున్న కారు గుర్తుండిపోతుంది కాబోలు.

వలస వెళ్లేవారు ఇంకో సాక్ష్యం. ఇది కార్ల సంగతి కాదు, కిరాణా కొట్లో దొరికే పొట్లాల సరుకుల సంగతి. ఒక ఊరి నుంచి మరో ఊరికి మారినవారి కొనుగోళ్లు రెండు ఊళ్ల పద్ధతుల మధ్య ఉన్న తేడాలో దాదాపు 60 శాతం మేర వెంటనే కొత్త ఊరి వైపు మారతాయని 2012లో అచ్చయిన ఒక అమెరికా పరిశోధన చెప్పింది. మిగతా 40 శాతం తేడా మాత్రం చాలా ఏళ్లపాటు నెమ్మదిగా కరుగుతుంది. హైదరాబాదు వదిలి ఇరవై ఏళ్లయినా అక్కడి బ్రాండు టీ పొడి కోసమే వెతికేవారు మీ బంధువుల్లోనూ ఉండే ఉంటారు.

మన దేశంలో

భారతదేశపు పాత లెక్కలను చూసి విధేయత గురించి మాట్లాడటం కుదరదు. 1980వ దశకం మొదటి వరకు ఇక్కడ కారంటే ప్రధానంగా హిందుస్థాన్ మోటార్స్ అంబాసిడర్, లేదా ప్రీమియర్ పద్మిని. డబ్బు కట్టి సంవత్సరాల తరబడి వరుసలో నిలబడేవారు. అంబాసిడర్ తరువాత అంబాసిడర్ కొన్నవాడిని విధేయుడంటే, రేషను బియ్యం తినేవాడికి ఆ బియ్యమంటే ప్రేమ అన్నట్టే. 1983 డిసెంబరులో మారుతి 800 రావడం, 1993లో కార్ల తయారీకి లైసెన్సు అవసరం తీసేయడం, 1998లో శాంత్రో, ఇండికా, హోండా సిటీ దిగడం, వీటితో ఎంపిక అన్నది నిజంగా మొదలైంది.

ఎంపిక వచ్చాక కూడా మనవాళ్లు పాత కంపెనీకే వెళ్లడంలో మనసు పాత్ర కంటే లెక్క పాత్ర ఎక్కువని నా అభిప్రాయం. చిన్న పట్టణంలో ఉండేవారికి బండి ఆగిపోతే బాగుచేసే మెకానిక్కు దగ్గర్లో ఉన్నాడా, స్పేర్ పార్టులు దొరుకుతాయా, అమ్మితే ఎంత వస్తుంది అన్నవే ముఖ్యం. పాత కారు అమ్మేవాడికి దాని లోపాలు తెలుసు, కొనేవాడికి తెలియవు. ఈ తేడా మార్కెట్టునే దెబ్బతీయగలదని జార్జి అకెర్లాఫ్ 1970లో పాత కార్లనే ఉదాహరణగా తీసుకుని రాశాడు. ఆ పనికి 2001లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. పేరున్న కంపెనీ బండి అయితే కొనేవాడి భయం కొంత తగ్గుతుంది, ధర నిలుస్తుంది. మారుతి 2001లో తానే పాత కార్ల వ్యాపారంలోకి దిగడానికి, పాత కారు ఇచ్చి కొత్తది తీసుకోమని కంపెనీలన్నీ పిలవడానికి కారణం ఇదే. పాత కారు చేతులు మారే చోటే కొత్త కారు కూడా చూపిస్తే, పక్క షోరూముకు వెళ్లే పనుండదు.

కంపెనీయే వెళ్లిపోతే కొనుగోలుదారు ఏం చేయాలి? దేవూ 1995లో సియెలోతో వచ్చింది. కొరియాలోని దాని మాతృసంస్థ 1999లో కుప్పకూలింది. జనరల్ మోటార్స్ 2017 చివరకు ఇక్కడ అమ్మకాలు ఆపేసింది. 2021 సెప్టెంబరులో ఫోర్డు భారతదేశంలో కార్ల తయారీ మానేస్తున్నట్టు ప్రకటించింది. కారు నచ్చినా మళ్లీ కొనే దారి లేని యజమానులు వీళ్లు. ‘విధేయత’ లెక్కల్లో వీరంతా కంపెనీ మారినవారి కిందే పడతారు.

మీరే లెక్కపెట్టండి

కార్లు దొరక్కపోతే స్కూటర్లు, మోటారు సైకిళ్లతో ఈ లెక్క చేయవచ్చు. తరగతిలోని ప్రతి విద్యార్థీ తెలిసిన ఐదు ఇళ్లకు వెళ్లి, వరుసగా కొన్న చివరి మూడు బండ్లు ఏ కంపెనీవో అడగాలి. మొదటి రెండు బండ్లతో గళ్ల పట్టిక వేస్తే, ఎంతమంది తిరిగి వచ్చారో తెలుస్తుంది. దాన్ని ఆ కంపెనీ వాటాతో పోల్చండి.

అలవాటా, అభిరుచా అన్నది తేల్చడానికి మూడవ బండి కావాలి. మొదట ‘క’, తరువాత ‘గ’ కొన్న ఇళ్లను ఒక గుంపుగా, మొదట ‘గ’, తరువాత ‘క’ కొన్న ఇళ్లను ఇంకో గుంపుగా విడదీయండి. రెండు గుంపులూ చెరొక ‘క’, చెరొక ‘గ’ కొన్నవే, వరుస మాత్రమే వేరు. అభిరుచుల ఊళ్లో వరుసతో పనిలేదు. రెండు గుంపుల్లోనూ సగం సగం మంది మూడవసారి ‘క’ కొంటారు. అలవాట్ల ఊళ్లో మొదటి గుంపులో నూటికి 18 మంది, రెండవ గుంపులో 82 మంది ‘క’ కొంటారు. అసలు ఊరు ఈ రెండింటి మధ్య ఎక్కడో ఉంటుంది. గుంపుకు 20 ఇళ్లు దొరికినా తేడా ఎటు మొగ్గుతోందో కనిపెట్టవచ్చు.

ఒక్క జాగ్రత్త. హీరో, హోండా కంపెనీలు 1984 నుంచి కలిసి బండ్లు చేసి, 2010 డిసెంబరులో విడిపోతున్నట్టు ప్రకటించాయి. హీరో హోండా తరువాత హీరో కొన్న ఇంటిని తిరిగి వచ్చినట్టు లెక్కించాలా, మారినట్టా? మరి హోండా కొన్న ఇంటినో? ఇళ్లకు బయలుదేరే ముందే దీన్ని నిర్ణయించుకుని పట్టిక పైన రాసి పెట్టుకోండి.